పనిచోట నోటి దురుసు మనిషితో వేగడం ఎలా? ఆటోనగర్, మిర్చి యార్డు పనివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ ఆటోనగర్ షెడ్లలో, గుంటూరు మిర్చి యార్డులో, ఆ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కష్టం చేసుకునేవాళ్ళు టీ కొట్టు దగ్గర కూలి గురించి ఎంత మాట్లాడతారో, పక్కన పనిచేసే మనిషి నోటి గురించీ అంతే మాట్లాడతారు. నేను లారీ షెడ్డులో హెల్పర్‌గా చేరి మేస్త్రీనయ్యాను. మాట పడటం ఎలా ఉంటుందో తెలుసు, కింద నలుగురిని పెట్టుకుని పని చేయించడమూ తెలుసు. కుర్రాళ్ళు వచ్చి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కనుక ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## కొత్తగా చేరినప్పుడు

ఇక్కడ అందరూ తిట్టుకుంటూనే ఉంటారు. నాకొక్కడికే ఎందుకు బాధేస్తోంది?

షెడ్డులో గొంతు పెద్దదవడం సహజం. ఒక పక్క గ్రైండరు, ఇంకో పక్క టింకరింగ్ సుత్తి దెబ్బలు, మధ్యలో ఎవరో ఇంజను స్టార్ట్ చేసి చూస్తుంటారు. మెల్లగా చెబితే వినపడదు. "ఏరా, ఎక్కడ చచ్చావ్" అన్న మాటలో కోపం ఉండొచ్చు, చనువూ ఉండొచ్చు.

తేడా కనిపెట్టడానికి నేను రెండు సంగతులు చూస్తాను. తిట్టు పని మీద పడుతోందా, మనిషి మీద పడుతోందా? "బోల్టు సరిగ్గా బిగించలేదేరా" అన్నది పని మాట. "మీ అయ్యా ఇంతేనా" అన్నదానికి పనితో సంబంధం లేదు. ఇక రెండోది, పని దిగాక మీతో ఎలా ఉంటున్నాడు? పొద్దున అరిచినవాడే సాయంత్రం "టీ తాగావా" అని అడిగితే అది ముక్కు మీద కోపం. సాయంత్రం కూడా మిమ్మల్ని నలుగురిలో ఎగతాళి పట్టిస్తుంటే అది లోకువ చేయడం. మీకు బాధేస్తున్నది ఈ రెండో రకమైతే, అందరూ పడుతున్నారు కదా అని మీరూ పడి ఉండక్కర్లేదు.

మేస్త్రి పానా విసిరేశాడు. పని నేర్పడమంటే ఇదేనా?

కాదు. ఎలా జరుగుతుందో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. లారీ కింద పడుకున్న మేస్త్రి చెయ్యి బయటికి చాపి 12-13 పానా అడుగుతాడు. హెల్పర్ గ్రీజు చేత్తో తడుముకుని 14-15 అందిస్తాడు. ఆ పానా బయటికి ఎగిరొచ్చి, సిమెంటు నేల మీద ఖంగుమని పడి, హెల్పర్ చెప్పు దగ్గర ఆగుతుంది. దాని వెంటే ఒక బూతు.

బూతు సంగతి తర్వాత చూడొచ్చు. విసిరిన ఇనుము మాత్రం ఒక్కసారి కూడా ఊరుకోవలసిన విషయం కాదు. సరైన పానా చేతికి ఇచ్చి, గొంతు పెంచకుండా అప్పుడే చెప్పండి: "అన్నా, నంబరు తప్పు ఇచ్చాను, ఇక చూసి ఇస్తాను. విసరొద్దు, కంటికి తగిలితే కన్ను పోతుంది." తప్పు ఒప్పుకోవడం, హద్దు చెప్పడం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఆ మర్నాటి నుంచి పానాలు నంబరు వరసలో గోనె పట్టా మీద పరిచి పెట్టుకోండి. చూడకుండానే చేతికి అందుతాయి, అరవడానికి అతనికి సందు దొరకదు.

పని నేర్పేది ఆయనే. ఎదురు చెబితే నేర్పడు. ఏం చేయను?

నన్ను అడిగే ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది ఇదే. ఆయన నోటికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? మీ పని, మీ కూలి, మీరు తీసుకున్న అడ్వాన్సు అన్నీ ఆయన చేతిలోనే ఉండటం నుంచి. నోరు మార్చడం మీ చేతిలో లేదు. ఆధారపడటం తగ్గించుకోవడం మీ చేతిలో ఉంది.

క్లచ్ ప్లేటు మార్చడం ఈయన దగ్గర నేర్చుకుంటే, గేర్‌బాక్సు పక్క బే (బండి నిలిపి పనిచేసే చోటు) మేస్త్రి దగ్గర చూడండి. ఖాళీ దొరికినప్పుడు ఆయనకు లైటు పట్టుకోండి, సామాను అందించండి. అడక్కుండా చెయ్యి సాయం చేసినవాడికి చెప్పకపోయే మేస్త్రి అరుదు. ఈయన దగ్గర చూసిన పనిని రాత్రి నోటు పుస్తకంలో వరసగా రాసుకోండి: ముందు ఏది విప్పారు, ఏ వాషరు ఏ వైపు కూర్చుంది. రెండోసారి అడగాల్సిన అవసరం ఎంత తగ్గితే మాట పడే సందర్భం అంత తగ్గుతుంది. చిన్న రిపేరు ఒంటిచేత్తో చేయగలిగిన రోజు నుంచి ఆయన పిలుపే మారుతుంది. చాలామంది విషయంలో ఇది చూశాను.

నాకంటే చిన్నవాడు "ఒరేయ్" అంటున్నాడు. ఎలా ఆపాలి?

మొదటి వారంలోనే ఆపండి, అలవాటయ్యాక కష్టం. పక్కకు పిలిచి "తమ్ముడూ, నన్ను పేరు పెట్టి పిలువు, లేకపోతే అన్నా అను, ఒరేయ్ వద్దు" అని చెప్పండి. అతన్ని మాత్రం మీరు మర్యాదగానే పిలవండి. మళ్ళీ "ఒరేయ్" అంటే పలకొద్దు. పేరు పెట్టి పిలిచినప్పుడు వెంటనే "ఆ, చెప్పు" అనండి.

## రోజూ ఎదురవుతున్నప్పుడు

తిట్టగానే ఏమనాలో తోచదు. రాత్రి పడుకున్నాక సమాధానాలు గుర్తొస్తాయి.

అందరికీ అంతే. అందుకే ఒక్క వాక్యం ముందే నోటికి పట్టించుకోండి. "పని ఏం తప్పిందో చెప్పు, సరిచేస్తా. ఆ మాటలు వద్దు." ఇంతే. నవ్వుతూ అనొద్దు, ఏడుపు గొంతుతోనూ అనొద్దు. మొహం చూసి చెప్పి, మళ్ళీ పనిలో పడండి. అతను రెచ్చిపోతే అదే వాక్యం ఇంకోసారి. మీ నుంచి కొత్త మాట రాకపోతే అతనికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అమ్మ మీద, అక్కచెల్లెళ్ళ మీద బూతు వస్తే మాత్రం పేరు పెట్టి చెప్పండి: "మా అమ్మ మాట తేవద్దు." చుట్టూ ఉన్నవాళ్ళు వింటారు, గుర్తుపెట్టుకుంటారు. తర్వాత అది మీకు పనికొస్తుంది.

తిరిగి నాలుగు తిడితే దారికొస్తాడంటున్నారు. నిజమేనా?

ఒక పూట వస్తాడు. ఆ తర్వాత ఓనరు దగ్గర ఇద్దరూ ఒకటే అవుతారు. "మీ ఇద్దరికీ పడదు, మీరే చూసుకోండి" అంటాడు. నోరు పారేసుకునేవాడికి ఆ పోట్లాట రోజూ అలవాటే, మీకు కాదు. పైగా చేతిలో సుత్తో, రాడ్డో ఉండే చోట మాటకు మాట పెరిగితే ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలియదు. ఉక్రోషం వచ్చినప్పుడు చేతిలో ఉన్న పనిముట్టు ముందు కింద పెట్టండి, మంచినీళ్ళ క్యాన్ దాకా నడిచి రండి.

నా వల్లే ముఠా కూలి తగ్గిందని ఒకడు రోజూ దెప్పుతున్నాడు. యార్డులో హమాలీని.

ముఠాలో, అంటే కలిసి బస్తాలు మోసే జట్టులో, దెప్పిపొడుపులకు మూలం చాలావరకు లెక్క. ఎత్తిన టిక్కీలకు (మిర్చి బస్తాలకు) వచ్చిన డబ్బు అందరూ పంచుకుంటారు కనుక ఒకరు నెమ్మదిస్తే మిగతావాళ్ళకు తమ జేబులోంచి పోయినట్టు అనిపిస్తుంది. సీజనులో, ఫిబ్రవరి నుంచి మే దాకా, యార్డు నిండా ఎర్రగా టిక్కీలు, ముక్కులో ఘాటు, నెత్తిన ఎండ. 40 కిలోలు దాటే టిక్కీని వీపు మీద వేసుకుని రోజంతా నడిచే మనిషికి సహనం మిగలడం కష్టం. ఇది అతని తరఫున వకాల్తా కాదు, గొడవ ఎక్కడ పుడుతోందో చూడమంటున్నాను.

కాబట్టి లెక్క బయట పెట్టండి. ఏ కొట్టు దగ్గర ఎన్ని టిక్కీలు దించారో, ఎంతమంది ఉన్నారో ముఠా మేస్త్రి చిట్టా రాస్తాడు. సాయంత్రం దాన్ని అందరి ముందూ చదవమని అడగండి. నిజంగా మీకు నడుం నొప్పో, జ్వరమో ఉంటే దాచుకోకండి. ఆ వారం కాటా దగ్గరో, సంచులు కుట్టే దగ్గరో పని మార్చమనండి. లెక్క సరిగ్గానే ఉండి కూడా దెప్పుతుంటే అతని కళ్ళు మీ మీద ఉన్నాయి, కూలి మీద లేవు. అప్పుడు ముఠా మేస్త్రితో "బాబాయ్, నన్ను అతనికి జోడీగా వేయొద్దు" అని సూటిగా చెప్పండి. జోడీ మార్పుతో తీరిన గొడవలు చాలా ఉన్నాయి.

సరదాకని ఎయిర్ గొట్టం ఒంటి మీద పెడుతున్నారు. వద్దంటే "పిరికివాడు" అంటున్నారు.

దీనికి నా దగ్గర ఓర్పు లేదు. కంప్రెసర్ గాలి ఆటవస్తువు కాదు. చెవి దగ్గర పెడితే కర్ణభేరి పగలొచ్చు, వెనక భాగంలో పెడితే పేగులు చిరిగి ప్రాణం పోవచ్చు. మన దేశంలో ఇలా సరదా పేరుతో జరిగినవాటిలో మనుషులు చనిపోయారు. గాయం పైకి కనపడదు, లోపలే జరిగిపోతుంది. మీ మీద పెట్టినా, పక్కవాడి మీద పెట్టినా వెళ్ళి కంప్రెసర్ వాల్వు మూసేయండి, ఆ రోజే ఓనరుకు చెప్పండి. గాలి కొట్టాక ఎవరికైనా కడుపు ఉబ్బినా, నొప్పి వచ్చినా సోడా తాగించి కూర్చోబెట్టకండి, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పండి.

తాగి వచ్చి గొడవ పడతాడు. జోడీగా పని చేయాలా?

చేయొద్దు. చైన్ బ్లాకుతో ఇంజను ఎత్తేటప్పుడు, జాకీ మీద బండి ఉన్నప్పుడు అసలే వద్దు. "ఈ పూట నేను కిందికి దూరను, వేరే పని చెప్పండి" అని ఓనరుకు చెప్పండి. తాగినవాడితో వాదన పెట్టుకోకండి. అతనితో మాట్లాడాల్సింది ఉంటే మర్నాడు పొద్దున, టీ తాగేటప్పుడు.

బీహార్ నుంచి వచ్చిన కుర్రాడిని ఇష్టమొచ్చినట్టు తిడుతున్నారు. నేను చూస్తూ ఊరుకోవాలా?

భాష రానివాడిని తిట్టడం తేలిక, అర్థం కాదు కదా అని. అర్థమవుతుంది. గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది. మీరు పెద్ద గొడవేమీ పెట్టుకోనక్కర్లేదు. "వాడికి పని నేను చూపిస్తాలే అన్నా" అని మధ్యలోకి వెళ్ళండి, వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో కుర్రాడికి చూపించండి. తిట్టేవాడి ముందు నుంచి మనిషిని పక్కకు తప్పించడం చాలు. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. ఒంటరిగా ఉన్నవాడి జోలికే ఎక్కువగా వస్తారు.

నా నోరే దురుసేమోనని అనుమానం. ఎలా తెలుస్తుంది?

మీరు షెడ్డులోకి రాగానే మాటలు ఆగిపోతున్నాయా? హెల్పర్లు తప్పు చేసి మీకు చెప్పకుండా దాస్తున్నారా? ఈ రెంటికీ అవునని వస్తే మీ అనుమానం నిజమే. దాచిన తప్పు రోడ్డు మీద బండి ఆగినప్పుడు బయటపడుతుంది. ఇవాళే ఒక హెల్పర్‌ని పిలిచి, "నిన్న ఎక్కువ అన్నాను" అని చెప్పండి.

## ఓనరుకు చెప్పాలనుకున్నప్పుడు

ఓనరుకు చెబితే చాడీలు అనుకుంటాడు. ఎలా చెప్పాలి?

పొద్దున కాకుండా, కస్టమర్లు ఉన్నప్పుడు కాకుండా, షట్టరు దించే ముందు చెప్పండి. "వాడు మంచివాడు కాదు" అంటే చాడీ. "మంగళవారం పానా విసిరాడు, గురువారం మా అమ్మను తిట్టాడు, నిన్న నేను బండి కింద ఉండగా చెప్పకుండా జాకీ దించబోయాడు" అంటే విషయం. ఓనరుకు నష్టం ఎక్కడో కూడా చెప్పండి: హెల్పర్లు నిలవడం లేదు, పని రెండోసారి చేయాల్సి వస్తోంది, ప్రమాదం జరిగితే షెడ్డు మీదికి వస్తుంది. చివర్లో మీకేం కావాలో ఒక్కటి అడగండి. బే మార్చమనో, అతనితో మాట్లాడమనో. ఏమీ అడగకుండా గోడు వెళ్ళబోసుకుంటే "సరేలే, సర్దుకో" అని ముగించేస్తారు.

అతను ఓనరు బావమరిది. ఇక ఎవరికి చెప్పుకోను?

బావమరిది మీద ఫిర్యాదు అంటే ఆ ఇంట్లో గొడవ. కాబట్టి మనిషిని గురించి తగ్గించి, పని గురించి ఎక్కువ మాట్లాడండి. ఓనరు మాట వినే పాత మేస్త్రి ఎవరైనా ఉంటే ఆయన ద్వారా చెప్పించండి. నిజం చెప్పాలంటే ఇలాంటి చోట గెలుపు అవకాశం తక్కువే. మాట్లాడుతూనే ఇంకో షెడ్డులో పని చూసుకోవడం మొదలుపెట్టండి.

రాసిపెట్టుకోమంటారు. ఏం రాయాలి? ఫోన్లో రికార్డు చేయొచ్చా?

తేదీ, వేళ, అన్న మాట అన్నట్టుగా, దగ్గర ఎవరున్నారు. బూతైనా సరే మార్చకుండా రాయండి. నోటు పుస్తకం లేకపోతే మీ నంబరుకే వాట్సాప్ పంపుకోండి, తేదీ దానంతట అదే పడుతుంది. తిట్లు మీ ముందు జరిగితే రికార్డు చేసి దాచుకోండి, పోలీసులకో లాయరుకో చూపించడానికి. స్టేటస్‌లో పెట్టొద్దు, గ్రూపుల్లో తిప్పొద్దు. అలా తిప్పితే అసలు విషయం పక్కకు పోయి, మీరే పరువు తీశారన్న గొడవ మొదలవుతుంది.

## హద్దు దాటినప్పుడు

కులం పేరుతో తిట్టాడు. ఇది కేసు అవుతుందా?

మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, తిట్టినవాడు ఆ వర్గాలవాడు కాకపోతే, నలుగురి కంట పడే చోట కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. కాబట్టి ఆ సమయంలో అక్కడ ఎవరెవరున్నారో వెంటనే రాసుకోండి, సాక్షులే కీలకం. ఫిర్యాదు తీసుకోకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 14566కి ఫోన్ చేయొచ్చు. "రాజీ పడు, పోనీలే" అని పెద్దమనుషులు వస్తారు. పడాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అంతటి మాట పడ్డ మనిషిని ఓర్చుకోమనడానికి ఎవరికీ హక్కు లేదు.

మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళం. గుమస్తా రెండర్థాల మాటలు మాట్లాడతాడు, మీద చెయ్యి వేస్తాడు.

రోజు కూలి అయినా, కాంట్రాక్టు అయినా, 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీకు వర్తిస్తుంది. పది మంది అంతకంటే ఎక్కువ పనిచేసే చోట యజమాని ఫిర్యాదుల కమిటీ పెట్టాలి. అంతకు తక్కువ మంది ఉంటే, లేదా వేధించేవాడు యజమానే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టడం కమిటీ బాధ్యత. దారి తెలియకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 181కి ఫోన్ చేయండి. నేరుగా పోలీసుల దగ్గరికీ వెళ్ళొచ్చు.

ఇంకో మాట. అక్కడ కూర్చున్న అక్కలు, పిన్నులు చాలామందికి ఇదే అనుభవం ఉంటుంది, ఒకరికొకరు చెప్పుకోరంతే. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఒకరు నోరు విప్పితే ముగ్గురు కలుస్తారు. నలుగురి సంతకాలున్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

చెయ్యి చేసుకున్నాడు. ముందు ఎక్కడికి వెళ్ళాలి?

ముందు ఆసుపత్రికి. ప్రభుత్వాసుపత్రిలో కొట్టాడని చెబితే వాళ్ళు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేస్తారు. జారిపడ్డానని మొహమాటానికి చెబితే కేసు అక్కడే పోయినట్టే. దెబ్బలను ఫోటో తీసుకోండి. ఆ తర్వాత స్టేషను. ప్రాణభయం ఉంటే 112.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దెబ్బకు 115వ సెక్షను ఉంది, దానిలో పోలీసులు మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. రాడ్డు, కత్తి లాంటి ప్రమాదకరమైన వస్తువుతో కొడితే 118 వస్తుంది, అది పెద్ద నేరం. అందుకే చేత్తో కొట్టాడా, దేనితోనైనా కొట్టాడా అన్నది ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. చంపుతానని బెదిరిస్తే 351.

లాయరుకు డబ్బుల్లేవు.

మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం కల్పించిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

నిద్ర పట్టడం లేదు, పొద్దున్నే పనికి పోవాలంటే గుండె దడ.

దాన్ని తాగుడుతో ముంచకండి. 14416 టెలి మానస్ నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకూ చెప్పండి. భార్యకు తెలియకుండా దాచి, ఆ కోపం ఆమె మీద, పిల్లల మీద చూపించేవాళ్ళు మనలో తక్కువేం లేరు.

## మానేయాలనుకున్నప్పుడు

అడ్వాన్సు తీసుకున్నాను. తీర్చేదాకా కదలొద్దంటున్నారు.

అప్పు అప్పే, దాన్ని తీర్చే ఏర్పాటు మాట్లాడుకోవాలి. కానీ అడ్వాన్సు పేరు చెప్పి ఇష్టం లేని పనిలో బలవంతంగా ఉంచడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నిషేధించింది. ఫోను, ఆధార్ లాక్కుని ఆపితే తహసీల్దారుకో, ఆర్డీవోకో, పోలీసులకో చెప్పండి. అడ్వాన్సు ఎంత, ఇప్పటిదాకా ఎంత కోసుకున్నారు అన్నది నెలనెలా రాయించుకోవడం మానకండి. ఆ చీటీ లేకపోవడం వల్లే చాలామంది తిట్లు పడుతూ అక్కడే ఉండిపోతున్నారు.

ఆఖరి కూలి ఆపితే?

పనిచేసిన రోజులు, రావలసిన మొత్తం కాగితం మీద రాసి ఓనరుకు పంపండి, వాట్సాప్‌లోనైనా సరే. ఇవ్వకపోతే కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారికి అర్జీ పెట్టండి. ఆయన ఇద్దరినీ పిలిచి మాట్లాడతాడు. హాజరు చీటీలు, ఫోన్‌పే జమలు దగ్గర పెట్టుకుని వెళ్ళండి.

మానేస్తే ఓడిపోయినట్టే కదా?

ఎవరి దగ్గర ఓడిపోయినట్టు? ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మనిషికి షెడ్డు కరువు లేదు. చెప్పవలసినవాళ్ళకు చెప్పి, కొంతకాలం చూసి, మార్పు లేకపోతే వెళ్ళిపోవడం తెలివైన పని. అయితే కోపంలో, నెల మధ్యలో పానా విసిరేసి వెళ్ళకండి. ముందు వేరే చోట పని ఖాయం చేసుకోండి, కూలి చేతికి తీసుకోండి, సొంత పనిముట్లు లెక్కపెట్టుకుని సంచిలో వేసుకోండి.

మానేశాక కూడా అతను అవే వీధుల్లో ఎదురుపడతాడు. ఏం చేయాలి?

ఎదురుపడతాడు, విడిభాగాల కొట్లోనో, లేత్ దగ్గర లైనులోనో. తలాడించి మీ పని చూసుకోండి. కొత్త షెడ్డులో అతని గురించి అడిగితే "మా ఇద్దరికీ కుదరలేదు" అని వదిలేయండి. కానీ ఎవరైనా కుర్రాడు అతని దగ్గర చేరబోతూ మిమ్మల్ని అడిగితే మొహమాటపడొద్దు. పని బాగా వస్తుంది, నోరు మంచిది కాదు, అడ్వాన్సు తీసుకోకుండా చేరమని చెప్పండి.